గూడ్సు బండి పాట ఎవరిది?

ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసిందిగా కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, కరువు భత్యం బకాయిల గురించి వ్రాయడానికి నాకంటె సమర్థులు చాలామంది ఉన్నారనీ, యాత్రా విశేషాలు వ్రాద్దామంటే నేను ఈ మధ్య ఊరు కదలలేదనీ మనవి చేశాను. "మీరు గిటారు నేర్చుకుంటున్నారట గదా, దాని సంగతే వ్రాయండి" అన్నారాయన. ఆ మాటలో కొంచెం పరిహాసం లేకపోలేదు. అయినా వ్రాస్తున్నాను. అయితే నా వేళ్ళ గొడవ కంటె, నేను నేర్చుకున్న పాటల చరిత్ర పెద్దది. అదే ముఖ్యంగా చెబుతాను.

మా నాన్నగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. మేము మెట్టుగూడ వైపు ఉండేవాళ్ళం. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మెన్‌లు. సాయంకాలం డ్యూటీ దిగి వచ్చి వరండాలో కూర్చుని గిటారు వాయించుకునేవారు. రేడియో సిలోన్ ఇంగ్లీషు పాటలు వాళ్ళ ఇళ్ళలో మ్రోగుతూ ఉండేవి. మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు పాటల కార్యక్రమం కోసం మనమంతా అదే స్టేషను పట్టుకునేవాళ్ళం గనుక సిలోన్ అంటే ఎవరికీ కొత్త కాదు. 1963, 64 ప్రాంతంలో నాకు పదమూడు, పధ్నాలుగేళ్ళు. మాటలు సగం అర్థం కాకపోయినా వరసలు మాత్రం చెవిలో నిలిచిపోయాయి. గిటారు ముట్టుకునే ప్రశ్నే లేదు. అది "దొరల వ్యవహారం" అని ఇంట్లో పేరు.

1972లో ఎల్.డి.సి.గా చేరి, సర్వీసులో ఎక్కువ కాలం రికార్డు సెక్షన్‌లోనే గడిపి, 2008లో రిటైరయ్యాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పెద్దవాళ్ళు గడప దాటవద్దన్నప్పుడు, మనవరాలు హాస్టలుకు పోతూ వదిలి వెళ్ళిన గిటారు అటక మీది నుండి దింపాను. పాఠాలు ఆమే ఫోనులో చెప్పింది. "తాతయ్యా, మీకు తెలిసిన పాటలతోనే మొదలుపెట్టండి, చెవి సాయం చేస్తుంది" అన్నది. ఆ విధంగా అరవైల నాటి పాటల దగ్గరికి మళ్ళీ చేరాను.

గిటారు సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. వీణకు మల్లే దీనికీ మెట్లుంటాయి. తీగలు ఆరు. మన సంగీతంలో ఒక స్వరం వెంట మరొక స్వరం నడుస్తుంది. వాళ్ళ పద్ధతిలో మూడు నాలుగు స్వరాలు ఒక్కసారే మ్రోగుతాయి. దానిని కార్డ్ అంటారు. రేషను కార్డు కాదు. షడ్జమం, అంతర గాంధారం, పంచమం కలిపి మీటితే ఒక కార్డ్. అదే లెక్కన మధ్యమం మొదలుకొని మ, ద, స మీటితే రెండవది. పంచమం మొదలుకొని ప, ని, రి మీటితే మూడవది. ఇప్పుడు ఈ మూడింటిలోని స్వరాలన్నీ కలిపి చూడండి. స, రి, గ, మ, ప, ద, ని ఏడూ వచ్చేశాయి. అంటే శంకరాభరణంలోని ఏ స్వరం పాటలో పలికినా, దానిని మోయడానికి ఈ మూడింటిలో ఏదో ఒకటి సిద్ధంగా ఉంటుంది. మూడు కార్డ్‌లు వస్తే నూరు పాటలు వస్తాయని వాళ్ళు చెప్పుకునేదానిలో కిటుకు ఇదే. దీనిని నాకు ఎవరూ ఇలా చెప్పలేదు. చిన్నప్పుడు పక్కింట్లో మా అక్కయ్యకు సంగీతం మేష్టారు చెప్పిన సరళీస్వరాలు వినీ వినీ ఉన్నందువల్ల కాగితం మీద వేసుకుని చూస్తే తేలింది.

వేళ్ళ నొప్పి మాత్రం కాగితం మీద తేలదు. ఇనుప తీగ మొదటి నెలలో ఎడమచేతి వేళ్ళ కొసలను కోసేస్తుంది. తరువాత కాయ కాస్తుంది. షుగరు ఉన్నవాళ్ళు నైలాను తీగల గిటారు తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. చూపుడు వేలు అడ్డంగా వేసి ఆరు తీగలనూ అణచవలసిన ఎఫ్ కార్డ్ దగ్గర చాలామంది మానేస్తారట. నాకు ఏడు నెలలు పట్టింది.

ఇక చరిత్రలోకి వస్తాను. ఈ పాటలు సామాన్యుల చేతికి ఎలా వచ్చాయన్నది ఇంగ్లండులో మొదలుపెట్టి చెప్పడం సులువు. 1956లో లోనీ డోనెగన్ అనే గాయకుడు పాడిన "రాక్ ఐలండ్ లైన్" అనే పాట ఆ దేశాన్ని ఊపివేసింది. అది అమెరికాలోని ఒక రైలు మార్గం మీది పాట. లెడ్ బెల్లీ అనే నల్లజాతి గాయకుడు దానిని ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన, జానపద గేయాల సేకర్త జాన్ లోమాక్స్ కలసి 1934లో ఆర్కన్సాస్ రాష్ట్రపు జైలులో ఖైదీలు పాడుతుండగా విన్న పాట అది. డోనెగన్ పాటతో ఇంగ్లండులో "స్కిఫుల్" అనే వేలంవెర్రి పుట్టింది. చవక గిటారు ఒకటి, బట్టలుతికే గరుకు రేకు పలక ఒకటి, టీ పొడి వచ్చే చెక్క పెట్టెకు కర్రా తాడూ కట్టిన వాయిద్యం ఒకటి ఉంటే నలుగురు కుర్రాళ్ళు బృందమైపోయేవారు. మాష్టారు అక్కరలేదు, నొటేషన్ అక్కరలేదు. మూడు కార్డ్‌లు చాలు.

1957లో బెర్ట్ వీడన్ అనే గిటారు విద్వాంసుడు "ప్లే ఇన్ ఎ డే" అని ఒక పుస్తకం వేశాడు. ఒక్క రోజులో వాయించండి అని అర్థం. మన రైల్వే స్టేషన్ బుక్‌స్టాళ్ళలో "30 రోజుల్లో ఇంగ్లీషు" పుస్తకాల వంటిదే అనుకోండి, ఈయన ఇంకా ఇరవై తొమ్మిది రోజులు తగ్గించాడు. పేరు అతిశయోక్తే గాని పుస్తకం మంచిది. లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. జార్జ్ హారిసన్, ఎరిక్ క్లాప్టన్ వంటి హేమాహేమీలు దానితోనే మొదలుపెట్టారు.

అయినా పుస్తకంలో కంటె మనిషి దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ. లివర్‌పూల్‌లో జాన్ లెనన్‌కు మొదటి పాఠాలు చెప్పింది ఆయన తల్లి జూలియా. ఆమెకు వచ్చింది బాంజో. అందుచేత కుర్రవాడు గిటారు మీద బాంజో కార్డ్‌లు వాయించేవాడు. పెంచిన పెద్దమ్మ మిమీ మాత్రం గిటారు సరదాకు సరే గాని కూడు పెట్టదని హెచ్చరించేదట. 1957 జూలై 6న వుల్టన్ చర్చి జాతరలో పాల్ మెకార్ట్‌నీ ఆయనకు పరిచయమైనాడు. గిటారును సరిగా శ్రుతి చేయడం ఎలాగో ఈ కొత్త కుర్రవాడికి తెలుసు. ఆ ఒక్క కారణం చేతనే లెనన్ ఆయనను వదలలేదంటే ఆశ్చర్యం లేదు.

మెకార్ట్‌నీ పలు సందర్భాల్లో చెప్పిన సంగతి ఒకటి నాకు చాలా ఇష్టం. ఇ, ఎ అనే రెండు కార్డ్‌లు వాళ్ళకు వచ్చు. మూడవది బి సెవెన్ రాదు. ఊరికి ఆ చివర ఒకాయనకు అది వచ్చునని తెలిసి, బస్సెక్కి వెళ్ళి నేర్చుకుని వచ్చారు. మన లెక్కలో అది ప, ని, రి, మ నాలుగూ కలిసిన కార్డ్. అది మ్రోగిన వెంటనే చెవి మళ్ళీ షడ్జమాన్ని అడుగుతుంది. అది లేకపోతే పాట ఇంటికి చేరదు. ఒక్క కార్డ్ కోసం బస్సు టికెట్టు! ఇంతకీ బస్సెక్కిన కుర్రాళ్ళ పేర్లు ప్రపంచమంతటికీ తెలుసు. నేర్పిన ఆయన పేరు ఎక్కడా కనబడదు.

రికార్డు సెక్షన్‌లో ఏళ్ళ తరబడి పనిచేసినవాడికి ఖాళీగా ఉన్న కాలమ్ కంటబడితే ఊరుకోబుద్ధి కాదు. ఈ పాటలు ఒక్కొక్కటీ నేర్చుకుంటూ ఎవరిది, ఎక్కడిది అని వెతకడం మొదలుపెట్టాను. వెతికిన కొద్దీ అదే తంతు. వాటిలో నాకు అన్నిటికంటె ముఖ్యమైనది "ఫ్రెయిట్ ట్రెయిన్". అంటే గూడ్సు బండి. రైల్వే క్వార్టర్ల పక్కన పెరిగినవాణ్ణి గనుక పేరు చూసే ఎంచుకున్నాను. వేళ్ళతో మీటడం నేర్చుకునే ప్రతివాడూ మొదట పట్టుకునే పాట కూడా అదే.

దానిని కట్టింది ఎలిజబెత్ కాటన్. 1893లో అమెరికాలో నార్త్ కెరొలినా రాష్ట్రంలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టింది. ఇంటి దగ్గరే రైలు పట్టాలు. పదేళ్ళు దాటగానే బడి మాని ఇళ్ళల్లో పనికి కుదిరి, ఆ జీతంలో కూడబెట్టి 3 డాలర్ల 75 సెంట్లకు ఒక గిటారు కొనుక్కున్నది. ఆమెది ఎడమచేతి వాటం. నేర్పేవారు లేరు. తీగలు మార్చకుండా గిటారునే తిరగేసి పట్టుకున్నది. మామూలుగా బొటనవేలు మంద్రస్వరాలు మీటుతూ తాళం నడిపిస్తే, మిగతా వేళ్ళు వరస పలికిస్తాయి. ఆమె విషయంలో అంతా తలకిందులు. వేళ్ళు తాళం వేస్తాయి, బొటనవేలు పాట పాడుతుంది. ఆ వాద్యపద్ధతికి ఇప్పుడు ఆమె పేరే పెట్టి పాఠాలు చెబుతున్నారు. గూడ్సు బండి పాట కట్టేనాటికి ఆమెకు పన్నెండేళ్ళ లోపో, ఆ ప్రాంతమో.

పదిహేడేళ్ళకు పెళ్ళి. లౌకికమైన పాటలు తగవని చర్చి పెద్దలు చెప్పగా గిటారు పక్కన పెట్టింది. తరువాత దాదాపు నలభై ఏళ్ళు ఇళ్ళల్లో పని, అంతే. 1940ల మధ్యలో వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో బొమ్మలు అమ్మే పనిలో ఉండగా, తప్పిపోయిన ఒక చిన్నపిల్లను తల్లికి అప్పగించింది. ఆ పిల్ల పెగ్గీ సీగర్. తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్, తండ్రి చార్లెస్ సీగర్, ఇద్దరూ సంగీతంలో పేరుగన్నవారు. గాయకుడు పీట్ సీగర్ ఆ చార్లెస్‌కు మొదటి భార్య కొడుకు. ఆ ఇంట్లో ఎలిజబెత్ వంటకూ పనికీ కుదిరింది. గోడకు గిటారు వేలాడుతూ ఉండేది. ఎవరూ లేనప్పుడు తీసి వాయించుకున్నది. ఒక రోజు పిల్లల కంటబడింది. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. అన్నేళ్ళూ పాట వేళ్ళలోనే ఉండిపోయిందన్నమాట.

అసలు కథ ఇక్కడే ఉంది. పెగ్గీ సీగర్ 1956లో ఇంగ్లండు వెళ్ళింది. ఇంట్లో నేర్చుకున్న పాట అక్కడ పాడింది. విన్నవాళ్ళు పాడారు. చూస్తూ చూస్తుండగానే ఇద్దరు ఆంగ్లేయులు ఆ పాట తామే వ్రాశామని తమ పేరిట నమోదు చేయించుకున్నారు. 1957లో చాస్ మెక్‌డెవిట్ స్కిఫుల్ బృందం, నాన్సీ విస్కీ అనే గాయని పాడగా అది ఇంగ్లండులో మొదటి పది పాటల్లోకి ఎక్కింది. అప్పుడు దానిని కట్టిన మనిషి వాషింగ్టన్‌లో ఇంకొకరి వంటగదిలో ఉన్నది. సీగర్ కుటుంబం పట్టుబట్టగా, వ్యాజ్యం నడిచి, చివరికి ఆమె పేరు కూడా నమోదు అయింది. పూర్తిగా కాదు, ఇతరుల పేర్ల సరసన. 1958లో మైక్ సీగర్ ఆమె వాద్యాన్ని రికార్డు చేసి, ఫోక్‌వేస్ అనే సంస్థ ద్వారా ఒక లాంగ్‌ప్లే వెలువరించాడు. ఆ రికార్డు లేకపోతే, ఈ ముసలివాడు మెట్టుగూడ పాట అనుకున్నది ఆమెదని తెలిసేదే కాదు.

ఆ ఇద్దరిని మాత్రమే తప్పుపట్టి ఊరుకోలేము. ఆ రోజుల్లో పద్ధతే అది. పాత పాటకు కర్త తెలియకపోతే "సంప్రదాయం, కూర్పు ఫలానావారు" అని లేబిల్ మీద వేసేవారు. కూర్పు ఫలానావారికి డబ్బు వస్తుంది, సంప్రదాయానికి ఏమీ రాదు. 1964 మే నెలలో ఆనిమల్స్ అనే బృందం "హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్" రికార్డు చేసింది. ఒకే టేకులో, నాలుగున్నర నిమిషాలు. అట్లాంటిక్‌కు ఇటూ అటూ మొదటి స్థానం. హిల్టన్ వాలెంటైన్ ఒక్కొక్క తీగనూ విడదీసి మీటిన ఆ గిటారు ప్రారంభం ఎంతమంది కుర్రాళ్ళు వాయించి ఉంటారో లెక్కలేదు. నేనూ వాయిస్తాను. ఆ పాటలో డి తరువాత ఎఫ్ కార్డ్ వస్తుంది. అంటే చతుశ్శ్రుతి ధైవతం వెంటనే శుద్ధ ధైవతం. ఆ గుండె జారినట్లుండే భావం దాని వల్లనే అని నా ఊహ. విద్వాంసులు చెప్పాలి. ఇంతకూ లేబిల్ మీద కూర్పరి కింద వేసింది ఆర్గన్ వాయించిన అలన్ ప్రైస్ పేరు ఒక్కటే. అయిదుగురి పేర్లూ వేయడానికి లేబిల్ మీద చోటు చాలలేదని చెప్పారట. ఈ సమాధానం వింటే మన కార్యాలయాల్లో పనిచేసిన ఎవరికైనా నవ్వు వస్తుంది. కాలమ్‌లో చోటు చాలకపోతే వెనుక కాగితం అంటించడం మనకు తెలియదా?

ఆ పాట వెనుక ఇంకొక మనిషి ఉన్నది. కెంటకీ రాష్ట్రం మిడిల్స్‌బరోలో గని కార్మికుడి కూతురు జార్జియా టర్నర్, పదహారేళ్ళ పిల్ల, 1937లో అలన్ లోమాక్స్ యంత్రం ముందు పాడింది. ఈయన ముందు చెప్పిన జాన్ లోమాక్స్ కుమారుడు. 1941లో అచ్చువేసిన పుస్తకంలో ఆమె పేరు వేశాడు. ఆ ధర్మం మన నేదునూరి గంగాధరం గారి వంటి సేకర్తలకు తెలిసినదే.

"స్కార్‌బరో ఫెయిర్" సంగతి కొంచెం వేరు. 1965 ప్రాంతంలో పాల్ సైమన్ లండన్‌లో ఉండి జానపద గాయకుల క్లబ్బుల్లో పాడుకునేవాడు. మార్టిన్ కార్తీ అనే యువకుడు ఆ పాత పాటకు గిటారు మీద చక్కని నడక కట్టి పాడగా నేర్చుకున్నాడు. 1966లో సైమన్, గార్ఫంకెల్ రికార్డు వచ్చింది. "ది గ్రాడ్యుయేట్" సినిమాతో ప్రపంచమంతా తెలిసింది. కార్తీ పేరు లేదు. ఆ బాధ ఆయనలో చాలాకాలం ఉండిపోయింది. 2000లో లండన్‌లో సైమన్ తన కచేరీకి ఆయనను పిలిపించుకుని, ఇద్దరూ వేదిక మీద ఆ పాట కలసి పాడారు. చాలా మంచిపని. అయితే కార్తీకి ఆ పాట వచ్చినది కూడా ఊరకనే కాదు. 1947లో మిడిల్టన్ ఇన్ టీస్‌డేల్ అనే ఊళ్ళో మార్క్ ఆండర్సన్ అనే సీసం గని కార్మికుడు పాడగా వ్రాసుకున్న పాఠం అది. ఆయన అప్పటికి రిటైరైనవాడు. మన కోవలోని వాడే.

పాటలే కాదు, వేళ్ళ కదలికలు కూడా ఇలాగే చేతులు మారాయి. బొటనవేలితో తాళం, మిగతా వేళ్ళతో వరస వాయించే పద్ధతికి మెర్ల్ ట్రావిస్ పేరు స్థిరపడింది. కెంటకీ బొగ్గు గనుల ప్రాంతం వాడు. ఆయన మోజ్ రేగర్, ఐక్ ఎవర్లీ అనే ఇద్దరి దగ్గర నేర్చుకున్నాడు. ఆ ప్రాంతపు వాద్యగాళ్ళకు దారి చూపినవారిలో మొదట చెప్పవలసినది ఆర్నల్డ్ షుల్జ్ అనే నల్లజాతి కార్మికుడిని. 1931లో పోయాడు. ఆయన వాయించినది ఒక్క రికార్డు కూడా లేదు. అలాగే కార్టర్ కుటుంబం పేరిట వెలసిన పాటల్లో అనేకం సేకరించడానికి ఎ.పి. కార్టర్ వెంట ఊరూరా తిరిగినవాడు లెస్లీ రిడిల్, నల్లజాతి గిటారు వాద్యకారుడు. కార్టర్ మాటలు వ్రాసుకుంటే వరస ఈయన గుర్తుపెట్టుకునేవాడు. ఆ కుటుంబపు మేబెల్ కార్టర్ ఈయన వద్ద కొంత నేర్చుకున్నది. రికార్డుల మీద కార్టర్ పేరే ఉంటుంది.

ఈ వేళ్ళ విద్య మన దేశంలో కూడా ఒకరి నుండి ఒకరికి అందింది. 1968 ఫిబ్రవరిలో బీటిల్స్ హృషీకేశంలో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చారు. వెంట డోనవన్ అనే స్కాట్లండు గాయకుడు కూడా ఉన్నాడు. ఖాళీ సమయాల్లో డోనవన్ వేళ్ళతో మీటుతుంటే లెనన్ చూసి, నేర్పమని కూర్చున్నాడు. కొద్ది రోజుల్లో పట్టుబడింది. అప్పటికి ఆయన ప్రపంచప్రసిద్ధుడు, ఎవరి దగ్గరా శిష్యరికం చేయవలసిన అవసరం లేనివాడు. ఆ సంవత్సరాంతాన వచ్చిన రికార్డులో "డియర్ ప్రూడెన్స్", తల్లి పేరిట వ్రాసిన "జూలియా" రెండూ ఆ చేతివాటంతో వాయించినవే.

తల్లి నేర్పిన లెనన్ మొదటి గిటారు సంగతి ఒకటి చెప్పాలి. అది దక్షిణాఫ్రికాలో గాలో కంపెనీ తయారు చేసిన చవక గిటారు. అదే కంపెనీ 1939లో జోహానెస్‌బర్గ్‌లో సాలమన్ లిండా అనే జులూ గాయకుడి చేత "మ్బుబే" అనే పాట రికార్డు చేయించింది. మ్బుబే అంటే సింహం. నామమాత్రపు సొమ్ముకు హక్కులన్నీ కంపెనీవి అయిపోయాయి. ఆ రికార్డు అమెరికా చేరింది. పీట్ సీగర్ విని, "ఉయింబుబే" అన్న మాట "విమోవే" అని వినబడగా ఆ పేరుతోనే పాడాడు. 1961లో టోకెన్స్ అనే బృందం "ది లయన్ స్లీప్స్ టునైట్" అని ఇంగ్లీషు మాటలు చేర్చి పాడితే అమెరికాలో మొదటి స్థానానికి పోయింది. గిటారు నేర్చుకునేవారికి ఇది మొదటి నెలలోనే చెబుతారు. ఎందుకంటే మూడే కార్డ్‌లు. 1962లో లిండా చనిపోయాడు. సమాధి మీద రాయి వేయించడానికి భార్య దగ్గర డబ్బు లేదు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు సర్వీసులో చూసిన ఒక కేసు జ్ఞాపకం వచ్చింది. ఆఫీసు పేరు వద్దు. ఒక అటెండరు పోయాడు. సర్వీసు రిజిస్టరులో నామినీ కాలమ్ ఖాళీ. ఆయన భార్య పేరు ఎవరూ వ్రాయలేదు. ఆమె మా వరండాలో బెంచీ మీద ఎన్ని నెలలు కూర్చున్నదో నాకు తెలుసు. ఫ్యామిలీ పెన్షను మంజూరయ్యేసరికి నాలుగేళ్ళు పట్టింది. ఆమె భార్య కాదని ఎవరూ అనలేదు. కాగితం మీద లేదన్నారు, అంతే.

లిండా కూతుళ్ళకు ఉపకరించింది ఒక పాత చట్టం. బ్రిటిష్ వారి 1911 కాపీరైటు చట్టంలో, రచయిత హక్కులు అమ్ముకున్నా ఆయన మరణించిన 25 ఏళ్ళకు అవి వారసులకు తిరిగి వస్తాయని ఒక నిబంధన ఉన్నది. మన దేశపు 1914 చట్టం కూడా దాని ఆధారంగా వచ్చినదే. దక్షిణాఫ్రికా అప్పట్లో ఆ సామ్రాజ్యంలోనిదే గనుక చట్టం వర్తించింది. 1962కు 25 కలిపితే 1987. ఆ తరువాతి రాబడి కుటుంబానిదే కావాలని దావా వేశారు. 1994లో వచ్చిన "ది లయన్ కింగ్" సినిమాలో ఆ పాట వాడుకున్నందువల్ల ప్రతివాదులు పెద్దవారే. 2006 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. గత కాలపు బకాయిలతో సహా చెల్లింపు, పాటకు సహరచయితగా లిండా పేరు. బకాయి అన్న మాటకు ఎంత బరువున్నదో మన సభ్యులకు నేను చెప్పనక్కరలేదు.

ఈ విషయంలో మన వాగ్గేయకారులు ముందుచూపు గలవారు. త్యాగరాజస్వామి తన పేరు చరణంలోనే పెట్టారు. క్షేత్రయ్య మువ్వగోపాలుడిని పెట్టాడు. అన్నమయ్య వేంకటేశ్వరుణ్ణి పెట్టాడు. పాడినవాడు ఎవడైనా ముద్ర పాడక తప్పదు. తాళపత్రం పోయినా పాటలో సంతకం ఉంటుంది. మన ఊడుపు పాటలకూ దంపుళ్ళ పాటలకూ ఆ వసతి లేదు. వాటి గతి గూడ్సు బండి గతే.

అరవైల నాటి పాటల్లో అందరికీ తెలిసిన బాబ్ డిలన్ "బ్లోయిన్ ఇన్ ది విండ్" కూడా గాలిలో నుండి పుట్టలేదు. 1962లో కట్టిన ఆ పాట వరసకు మూలం బానిసల నాటి "నో మోర్ ఆక్షన్ బ్లాక్" అనే పాట. బానిసలను వేలం వేసే తిన్నె ఇక లేదని దాని భావం. డిలన్ స్వయంగా 1978లో ఆ సంగతి చెప్పాడు. చెప్పడం ఆయన పెద్దరికం. 2016లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పాత పాట కట్టినవారికి పేరే లేదు.

ఎలిజబెత్ కాటన్ విషయం పూర్తి చేయాలి. 1960 ప్రాంతంలో, అరవై ఏడేళ్ళ వయసులో, మైక్ సీగర్‌తో కలిసి మొదటిసారి ప్రేక్షకుల ముందు కూర్చున్నది. మనం రిటైరయ్యే వయసు దాటిన తరువాత ఆమె ఉద్యోగం మొదలైంది. తొంభై ఏళ్ళు దాటేదాకా ఊళ్ళు తిరిగి వాయించింది. 1984లో అమెరికా ప్రభుత్వం జానపద కళాకారులకిచ్చే జాతీయ గౌరవం, 1985లో గ్రామీ బహుమతి వచ్చాయి. 1987లో, తొంభై నాలుగో ఏట, సిరక్యూస్ నగరంలో పోయింది. కచేరీల డబ్బుతో ఆ ఊళ్ళోనే సొంత ఇల్లు కొనుక్కున్నది.

నా దగ్గర ఒక రూళ్ళ పుస్తకం ఉన్నది. పాత అలవాటు. గీతలు కొట్టి నాలుగు కాలమ్‌లు చేశాను. పాట పేరు, కార్డ్‌లు, కేపో ఎన్నో మెట్టు మీద పెట్టాలి, ఎవరి నుండి వచ్చింది. కేపో అంటే మెట్ల మీద బిగించే పట్టీ, శ్రుతి హెచ్చించడానికి. ఇప్పటికి ఇరవై రెండు పాటలు ఎక్కాయి. నాలుగో కాలమ్‌లో మొదటి పాటకు ఎలిజబెత్ కాటన్, నార్త్ కెరొలినా అని వ్రాశాను. ఎనిమిదో నంబరుకు జార్జియా టర్నర్, మిడిల్స్‌బరో. పన్నెండుకు మార్క్ ఆండర్సన్, రిటైర్డు. మనవరాలు మొన్న సెలవులకు వచ్చి ఆ పుస్తకం తిరగవేసి, "తాతయ్యా, బి సెవెన్ నేర్పినాయన పేరు వ్రాయలేదేం?" అని అడిగింది. ఆ గడిలో "లివర్‌పూల్, బస్సు చివరి స్టాపు" అని పెన్సిలుతో వ్రాసి ఉంచాను.